బ్యాగు ఇట్లియ్యి పాపా

మా అమ్మాయి 2024 సెప్టెంబరులో లండన్‌లో సెకండరీ స్కూలులో చేరింది. అక్కడ పిల్లలు పదకొండేళ్లకే ఆ బడికి మారుతారు, మారిన రోజు నుంచి చాలామంది సిటీ బస్సులో తమంతట తామే వెళ్లివస్తారు. పదకొండు నుంచి పదిహేనేళ్ల వయసు వారికి జిప్ ఆయిస్టర్ అనే ఫొటో కార్డు ఉంటుంది. ఎక్కగానే దాన్ని డ్రైవరు పక్కనున్న పసుపుపచ్చ యంత్రానికి ఆనిస్తే చాలు, బస్సు చార్జీ ఉండదు. 2014 జూలై నుంచి ఆ బస్సుల్లో నగదు తీసుకోవడమే మానేశారు. కండక్టరు ఉండరు, డ్రైవరు అద్దం వెనుక ఉంటారు, రాబోయే స్టాపు పేరును రికార్డు చేసిన గొంతు చెబుతుంది. అందువల్ల ఒక పిల్ల ఎవరితోనూ మాట కలపకుండానే ఏడాదంతా బడికి వెళ్లిరావచ్చు. మా అమ్మాయి దాదాపు అలాగే వెళ్లివచ్చింది. మొదటి వారంలో నేను చెప్పిన జాగ్రత్తలు కూడా అలాంటివే: ఫోను చేతిలో పట్టుకొని నిలబడకు, కొత్తవాళ్లు పలకరిస్తే ముందుకు వచ్చి డ్రైవరు దగ్గర నిలబడు, నీ బ్యాగు ఎవరి చేతికీ ఇవ్వకు.

మా సొంత ఊరు చంద్రగిరి. లండన్‌లో బడి సెలవులు జూలై చివర మొదలై ఆగస్టంతా ఉంటాయి, ఆగస్టు చివరికి ఇక్కడ బడులు తెరిచి రెండు నెలలు దాటుతుంది. కాబట్టి 2025 ఆగస్టు చివర మేము వచ్చినప్పుడు, మా అన్న కూతురు రోజూ ఎక్కే పల్లెవెలుగు బస్సులోనే ఒక ఉదయం తిరుపతికి బయలుదేరాము. ఆమె తొమ్మిదో తరగతి, తిరుపతిలో చదువుతోంది. మా అమ్మ కూడా మాతో వచ్చింది. ఆ నెల 15న రాష్ట్రంలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం మొదలైంది కనుక ఆమె ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంది. ఇక్కడి నివాసులం కాని మా ఇద్దరికీ నేను డబ్బిచ్చి టికెట్లు కొన్నాను. బడి పిల్లలు, మహిళా యూనివర్సిటీకి వెళ్లే అమ్మాయిలు, పూల గంపలు, క్యారియర్లు, అన్నీ కలిసి బస్సులో కాలు మోపడానికి చోటు లేదు.

నిలబడిన మా అమ్మాయి వైపు కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ చెయ్యి చాచి, ‘బ్యాగు ఇట్లియ్యి పాపా, ఎంతసేపు మోస్తావు’ అన్నది. మా అమ్మాయి బ్యాగును రెండు చేతులతో పొట్టకు అదుముకొని నా వైపు చూసింది. ఆ చూపులో నేను నేర్పిన పాఠం ఉంది. అప్పటికే మా అన్న కూతురి బ్యాగు ఆవిడ ఒడిలో ఉంది, దాని మీద ఇంకెవరిదో టిఫిన్ బాక్సు ఉంది. నేను తల ఊపాను. బ్యాగు ఇచ్చింది గాని, దాని పట్టీని మాత్రం వేళ్లతో పట్టుకొనే నిలబడింది. తొండవాడ దగ్గర ఆవిడ దిగుతూ ఆ బ్యాగులన్నింటినీ తన సీట్లో కూర్చోబోయే అమ్మాయి చేతుల్లో పెట్టింది, ఆ అమ్మాయి మారుమాట లేకుండా ఒడిలో సర్దుకుంది. అప్పుడు మా పిల్ల పట్టీ వదిలింది.

1990లలో ఇదే దారిలో నేను ఐదేళ్లు బడికి వెళ్లాను. కండక్టరు చేతిలో కాగితపు టికెట్ల కట్ట ఉండేది, సీటు కోసం కిటికీలోంచి రుమాలు వేసేవాళ్లం, ఎడమవైపు శేషాచలం కొండలు బస్సుతో పాటే వచ్చేవి. నా బ్యాగు ఎన్ని వందల ఒడుల్లో ప్రయాణించిందో చెప్పలేను. అయితే ఆ బస్సును గురించి తీపి మాటలు మాత్రమే చెబితే మా అమ్మాయికి అన్యాయం చేసినదాన్నవుతాను. క్రిక్కిరిసిన బస్సులో ఆడపిల్లల మీద పడే చేతులు కూడా ఉండేవి. పదో తరగతికి వచ్చేసరికి నేను ఓణీకి పెట్టుకున్న పిన్నీసు ఓణీ కోసం మాత్రమే కాదు. ఫుట్‌బోర్డు మీద వేలాడే మగపిల్లలను చూస్తే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ రద్దీని మన పద్ధతి అని మెచ్చుకోలేను, పిల్లలకు బడి వేళల్లో మరిన్ని బస్సులు కావలసిందే.

ఆ రాత్రి మా అమ్మ నన్ను నిలదీసింది. ‘ఇంత బిడ్డను ఆ దేశంలో ఒంటిగా ఎట్ల పంపిస్తావు మే?’ అన్నది. ఈ వయసులోనే నన్ను నువ్వు పంపలేదా అని అడిగాను. ‘నువ్వు ఒంటిగా యాడ పొయినావు? బస్సు నిండా మనోళ్లే కదా’ అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. లండన్ బస్సులో నా కూతురికి రక్షణ ఉంది, కెమెరా ఉంది, కార్డు ఉంది. మనోళ్లు అనే మాట మాత్రం లేదు. ఆ మాటకు బదులుగా నేను ఫోనులో ఆమె ఎక్కడున్నదో చూపే చుక్కను చూసుకుంటూ కూర్చుంటాను.

మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇంకా కష్టమైనది. ఎవరికీ ఇవ్వవద్దని అక్కడ చెప్పి, ఇక్కడ ఇవ్వమని ఎందుకు తల ఊపావు, ఎప్పుడు ఇవ్వాలో నాకెట్లా తెలుస్తుంది అన్నది. ఏ దేశంలో ఉంటే ఆ పద్ధతి అని తేల్చివేయడం సులభమే గాని, అది నిజం కాదు, ఎందుకంటే ఇక్కడ కూడా అందరికీ ఇచ్చేవాళ్లం కాము. నాకు ఎట్లా తెలిసేదో గుర్తు తెచ్చుకొని చెప్పాను: అడిగినవాళ్లు కూర్చొని ఉండాలి, నువ్వు నిలబడి ఉండాలి, నలుగురి ఎదుట అడగాలి, అప్పటికే ఇంకొకరి బ్యాగు వాళ్ల ఒడిలో ఉంటే మరీ మంచిది, బ్యాగు నీ కళ్ల ముందే ఉండాలి, ఇవ్వాలని లేకపోతే, ‘వద్దులే అవ్వా’ అంటే ఎవరూ తప్పు పట్టుకోరు. ఆమె ఆ చివరి మాటను రెండు మూడు సార్లు పలికి చూసుకుంది.

మరుసటి సోమవారం మా అన్న కూతురితో కలిసి ఆమెను తిరుపతికి పంపాను. నేను వెంట వెళ్లలేదు, ఆమె ఫోను కూడా ఇంట్లోనే పెట్టి వెళ్లింది. సాయంత్రం తిరిగి వచ్చాక, పోయేటప్పుడు సీటు దొరికిందని, ఇద్దరు అక్కల బ్యాగులు, ఒక కూరగాయల సంచి తన ఒడిలో పెట్టుకున్నానని, సంచి కింద తడిగా ఉండి స్కర్టుకు మరక అయిందని చెప్పింది. ఆ మరక వాళ్ల అవ్వకు చూపించాలని బట్టలు మార్చుకోకుండా ఆమె కోసం అరుగు మీద కూర్చుంది.