తీరం వెంట నడకా? ముందు పోటు వేళలు చూసుకోండి

సముద్రతీర నేషనల్ పార్కులో ట్రెక్కింగ్ అంటే పర్మిట్ కన్నా ముందు చూడాల్సింది ఆటుపోట్ల పట్టిక. చాలాచోట్ల ఆటుకీ పోటుకీ మధ్య సుమారు 6 గంటల 12 నిమిషాలు. ఆ వేళలు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి కాబట్టి నిన్నటి టైము పనికిరాదు.

కొండచరియ కింది ఇసుక దారి దాటాలంటే నీళ్లు పూర్తిగా తీయడానికి గంట ముందే దిగండి. పోటు ఒకే వేగంతో రాదు, మూడో, నాలుగో గంటల్లోనే సగం ఎత్తు పెరిగిపోతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మరీనూ.

టెంటు ఎండిన నాచు చారకి బాగా పైన వేయండి. ఆ చార నిన్నటి పోటుది. ఇవాళ్టిది దాన్ని దాటొచ్చు. మామూలు మేకులు ఇసుకలో నిలవవు. సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోకాలి లోతున పాతితే గాలికి కదలవు.