సోల, తవ్వ, మానిక: మా పిల్లల ఆరు నెలల ఆన్‌లైన్ చదువు

పోయిన ఏడాది ఆగస్టులో అమ్మ పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. అమలాపురంలో ఆపరేషన్ చేశారు. నాన్న పోయి ఆరేళ్ళయింది, అన్నయ్య సింగపూర్‌లో ఉంటాడు, నేను టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. అంబాజీపేట పక్కన మా ఊళ్ళో ఇంత పెద్ద ఇంట్లో అమ్మ ఒక్కతే. "పనమ్మాయిని పెట్టుకుంటానే, నువ్వు రాకు, పిల్లల చదువులు పాడవుతాయి" అని ఫోన్లో అంటూనే ఉంది. ఆవిడ గొంతు విన్నాక ఇక్కడ కూర్చోవడం నావల్ల కాలేదు.

సెలవు సంగతి ముందు చెబుతాను. అమెరికాలో ఫ్యామిలీ మెడికల్ లీవ్ చట్టం కింద, అర్హత ఉన్న ఉద్యోగులకు కన్నవాళ్ళ అనారోగ్యానికి 12 వారాలు జీతం లేని సెలవు దొరుకుతుంది. అత్తమామలకు అది వర్తించదు. ఆ 12 వారాలకు ఇంకో మూడు నెలలు కంపెనీని బతిమాలి కలుపుకున్నాను. గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్ళు ఒకేసారి ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే రేపు సిటిజన్‌షిప్‌కి అప్లై చేసేటప్పుడు చిక్కు రావచ్చు కాబట్టి, ఆరు నెలలు నిండకుండానే వెనక్కి వచ్చేలా టికెట్లు కొన్నాం. పిల్లలిద్దరికీ ఓసీఐ కార్డులు, అంటే భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డులు, ఉన్నాయి గనక వాళ్ళు ఎన్నాళ్ళున్నా ఫరవాలేదు.

మరి చదువు? పాపకి ఏడో తరగతి, చిన్నోడికి నాలుగు. మావారికి నెలలో పది రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగం, ఆయన దగ్గర వదిలి వెళ్ళలేను. ఆరు నెలల కోసం అమలాపురంలో స్కూల్లో వేస్తే, సిలబస్ అలవాటయ్యేసరికి తిరుగు ప్రయాణం వచ్చేస్తుంది. మిగిలింది ఆన్‌లైన్ స్కూలు.

అప్పటిదాకా ఆన్‌లైన్ స్కూలంటే నాకు కరోనా రోజులే గుర్తు. కెమెరా ఆపేసి నిద్రపోయే పిల్లలు, మ్యూట్ తీయమని అరిచే టీచర్లు. వెతకడం మొదలుపెట్టాక అదొక్కటే రకం కాదని తెలిసింది. ఫ్లోరిడా వర్చువల్ స్కూల్ 1997 నుంచే నడుస్తోంది. ఆ రాష్ట్రం పిల్లలకు ఉచితం, బయటివాళ్ళు ఫీజు కట్టి చేరొచ్చు. టెక్సస్‌లోనూ ప్రభుత్వ డబ్బుతో నడిచే ఆన్‌లైన్ స్కూళ్ళున్నాయి. అయితే అవి రాష్ట్రంలో ఉండే పిల్లల కోసం, పైగా ఏడాది చివర స్టార్ అనే రాష్ట్ర పరీక్షలు చెప్పిన చోటుకి వెళ్ళి రాయాలి. ఆరు నెలలు కోనసీమలో ఉంటామంటే కుదిరే పని కాదు. అందుకే ప్రైవేటు ఆన్‌లైన్ స్కూలు చూసుకున్నాం. ఇద్దరికీ కలిపి ఫీజు బాగానే అయింది.

వెతుకుతుంటే భయపెట్టే విషయాలు కూడా కనిపించాయి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలోని క్రెడో అనే పరిశోధన సంస్థ 2015లో ఆన్‌లైన్ చార్టర్ స్కూళ్ళ మీద, అంటే ప్రభుత్వ డబ్బుతో వేరే సంస్థలు నడిపే బడుల మీద, ఒక అధ్యయనం చేసింది. మామూలు బడి పిల్లలతో పోలిస్తే వీళ్ళు ఏడాదిలో రీడింగ్‌లో 72 రోజుల చదువు, లెక్కల్లో 180 రోజుల చదువు వెనకబడ్డారని తేల్చింది. అక్కడ బడి జరిగేదే ఏడాదికి సుమారు 180 రోజులు. అంటే లెక్కల్లో ఏడాదంతా నీళ్ళపాలైనట్టే. ఒహాయోలో ఎకాట్ అనే పెద్ద ఆన్‌లైన్ స్కూలు 2018 జనవరిలో, విద్యాసంవత్సరం మధ్యలో మూతపడింది. సుమారు 12 వేల మంది పిల్లలు ఉన్నపళంగా వేరే బడి వెతుక్కోవాల్సి వచ్చింది. ఇవి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయినా ఒక మాట మాత్రం ప్రతి స్కూలు వాళ్ళ కాగితాల్లోనూ కనిపించింది: లెర్నింగ్ కోచ్. చిన్న పిల్లలకైతే ఇంట్లో ఒక పెద్దమనిషి రోజూ గంటల తరబడి పక్కన కూర్చోవాలట. ఆ మనిషి లేని ఇంట్లో పిల్లవాడు వెనకబడకుండా ఎలా ఉంటాడు? ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్ళలో అది ఎంత కష్టమో నాకు తెలుసు. మాకు మాత్రం ఆ ఆరు నెలలు నేనున్నాను, అమ్మ ఉంది. అందుకే ధైర్యం చేశాను.

చేరేముందు మూడు పనులు చేశాం. ఆ స్కూలుకి బడులకు గుర్తింపునిచ్చే కాగ్నియా సంస్థ గుర్తింపు ఉందో లేదో కాగ్నియా వెబ్‌సైట్లోనే చూసుకున్నాం, స్కూలు వాళ్ళ మాట మీద వదిలేయలేదు. లైవ్ క్లాసులకు రికార్డింగులు ఇస్తారా, పరీక్ష ఇన్ని రోజుల్లో ఎప్పుడైనా రాయొచ్చా లేక ఫలానా గంటకే రాయాలా అని అడిగి జవాబు ఈమెయిల్లో తెప్పించుకున్నాం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఫ్రిస్కోలో పిల్లల పాత స్కూలుకి వెళ్ళి, చేరికల కాగితాలు చూసే రిజిస్ట్రార్‌ని కలిశాను. టెక్సస్‌లో ఇంటి చదువుని ప్రైవేటు స్కూలుతో సమానంగా చూస్తారు, 1994లో లీపర్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అలా తీర్పిచ్చింది. కాబట్టి ఒక ఉత్తరం ఇచ్చి బడి మానిపించడం తేలికే. తిరిగి చేర్చేటప్పుడే తంటా. ఏ కాగితాలు కావాలి, ఈ గ్రేడ్లు ఒప్పుకుంటారా, పాప అడ్వాన్స్‌డ్ మ్యాథ్ సెక్షన్ పోకుండా ఏం చేయాలి, అన్నీ అప్పుడే అడిగి రాసుకున్నాను. వెళ్ళేముందు ఒక గంట అక్కడ కూర్చోవడం వల్ల వచ్చాక నెల రోజుల టెన్షన్ తప్పింది.

ఊళ్ళో దినచర్య ఇలా ఉండేది. డాలస్‌లో పొద్దున తొమ్మిదింటికి మొదలయ్యే లైవ్ క్లాసు మాకు రాత్రి ఏడున్నరకు. నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి జరపగానే అది ఎనిమిదిన్నర అయింది. పగలంతా రికార్డు చేసిన పాఠాలు, వర్కుషీట్లు. సాయంత్రం ఆటలు, అన్నాలు, తర్వాత ల్యాప్‌టాప్ ముందు. చిన్నోడికి వారంలో మూడు రాత్రులే లైవ్, గంటంపావు. పాపకి రోజూ రెండు గంటలు ఉండేది. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ రూటర్ ఆగిపోతుంది కదా, దాన్ని ఇన్వర్టర్‌కి కలిపించాను. వైరు తెగి నాలుగు రోజులు ఇంటర్నెట్ రాలేదు ఒకసారి. ఫోన్ హాట్‌స్పాట్‌తో డాబా మీద కూర్చుని పాప సైన్స్ టెస్టు రాసింది.

ఇప్పుడు సోల సంగతి.

అక్టోబరు నాటికి అమ్మ వాకర్ పట్టుకుని నడవ దాకా వచ్చి పడక కుర్చీలో కూర్చోగలిగేది. చిన్నోడు ఎదురుగా చాప మీద. అమ్మకి ఇంగ్లీషు రాదు. వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ ఒక్క వాక్యం మాట్లాడాలన్నా మూడు ఇంగ్లీషు ముక్కలు పడేవి. పాఠం అయిపోగానే అమ్మ అడిగేది, "ఏరా నాన్నా, మీ పంతులమ్మ ఇవాళ ఏం చెప్పింది?" అని. ఊరికే అడగడం కాదు, ఆవిడకి నిజంగా తెలుసుకోవాలని ఉండేది.

ఒకరోజు కొలతల పాఠం. గ్యాలన్లు, క్వార్టులు, పింటులు, కప్పులు. వాడికి ఎంతకీ ఎక్కడం లేదు. మూడు గ్యాలన్లకి ఎన్ని కప్పులో రాయమంటే ఒకసారి 12 అని, ఇంకోసారి 24 అని రాశాడు. నేను రెండుసార్లు చెప్పి విసుక్కున్నాను. అమ్మ నన్ను లోపలికి పొమ్మంది. "నాకు చెప్పు నాన్నా, ఏంటది?" అంది.

"అమ్మమ్మా, రెండు కప్స్ అయితే ఒక పింట్. రెండు పింట్స్ అయితే ఒక క్వార్ట్. నాలుగు క్వార్ట్స్ అయితే ఒక గ్యాలన్."

అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అదేముందిరా! రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. మీ అమెరికావాళ్ళూ మనలాగే కొలుస్తారన్నమాట!"

నేను వంటింటి గుమ్మంలో ఆగిపోయాను. చిన్నప్పటి నుంచి వింటున్న లెక్కే, అమెరికా వెళ్ళి పదిహేనేళ్ళయినా ఈ రెండూ ఒకటేనని నాకెప్పుడూ తట్టలేదు. గిన్నెల సైజులు వేరు, వరస మాత్రం అచ్చం ఒకటే. మానికకీ కుంచానికీ మధ్యలో మనకి అడ్డ ఉంటుంది, రెండు మానికలు. వాళ్ళకి హాఫ్ గ్యాలన్, పాల డబ్బా సైజు.

అమ్మ వాడిచేత అటక మీంచి ఇత్తడి సోల, తవ్వ, మానిక, పాత కుంచం దింపించింది. చింతపండు పెట్టి తోమించింది. బియ్యం డబ్బా దగ్గర వాడు కూర్చుని సోలతో కొలిచి కుంచంలో పోస్తూ ఒకటి, రెండు, మూడు అని తెలుగులో లెక్కపెట్టాడు. పదహారో సోలకి కుంచం నిండింది. పైన గుట్టగా ఉన్న బియ్యాన్ని అమ్మ అరచేత్తో సాపు చేసి "తలకొట్టి కొలవాలిరా, లేకపోతే లెక్క తప్పుద్ది" అంది. వాడు పుస్తకంలో మూడు గ్యాలన్లకి 48 కప్పులని రాశాడు. మళ్ళీ తప్పలేదు.

ఆ గిన్నెల ఫోటో హోంవర్క్‌తో పంపిస్తే టీచరు వాడినే లైవ్ క్లాసులో చెప్పమంది. రాత్రి ఏడున్నర దాటాక పద్నాలుగు మంది పిల్లల ముందు కుంచం కెమెరా దగ్గర పెట్టి చూపించాడు. వెనకాల అమ్మ చీర కొంగు సర్దుకుని కూర్చుంది.

ఆ తర్వాత అది అలవాటయింది. ఏ పాఠమైనా అమ్మమ్మకి తెలుగులో చెప్పాలి. తెలుగులో చెప్పాలంటే ముందు తనకి అర్థం కావాలి, ఇంగ్లీషు మాటలు చూసి అప్పజెబితే ఆవిడ ఒప్పుకోదు. కోచ్ అన్నవాళ్ళకి పాఠం రావాలని నేననుకున్నాను. అమ్మకి ఏ పాఠమూ రాదు, అందుకే వాడు ప్రతిదీ విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

పాప విషయం ఇంత బాగా జరగలేదు, అది కూడా చెప్పాలి. పన్నెండేళ్ళ పిల్లకి స్నేహితులే ప్రపంచం. ఫ్రిస్కోలో స్కూలు ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేది. ఊరికి వయొలిన్ తెచ్చుకుంది గానీ ఒక్కతే ఎంతసేపు వాయిస్తుంది? స్నేహితుల మెసేజులు మనకి అర్ధరాత్రి దాటాక వచ్చేవి. నవంబరులో ఒక రాత్రి డాబా మీద ఏడుస్తూ కనిపించింది. "అందరూ వాళ్ళ లైఫ్‌లో ఉన్నారమ్మా, నేను మాత్రం రికార్డింగ్ చూస్తున్నా" అంది. నా దగ్గర జవాబు లేదు.

అదే నెలలో ఇంకోటి బయటపడింది. స్కూలు డాష్‌బోర్డులో పాప పాఠాలన్నిటికీ ఆకుపచ్చ టిక్కులు ఉండేవి. అది చూసి నేను నిశ్చింతగా ఉన్నాను. నిజానికి వీడియో పెట్టి పక్కన వేరే పని చేసుకునేది, అయిపోగానే టిక్కు పడేది. సైన్స్‌లో మూడు వారాల పాఠాలు అలా జారిపోయాయి, యూనిట్ టెస్టులో మార్కులు వచ్చాకే తెలిసింది. తప్పు నాదే, పెద్దపిల్ల కదా అని వదిలేశాను. అప్పటి నుంచి శనివారం పొద్దున్న స్క్రీన్ మూసేసి, వారంలో ఏం చదివిందో నోటితో చెప్పించుకునేదాన్ని. టీచరుతో వారానికొకసారి పావుగంట ఫోన్ పెట్టించాను. ఆ టీచరు మంచిమనిషి, అడగ్గానే ఒప్పుకుంది. అడిగే తల్లిదండ్రులు తక్కువట.

పాపకి ఊరు దగ్గరైంది పేపరు వల్ల. అమ్మకి కంట్లో శుక్లం, చిన్న అక్షరాలు ఆనవు. అమెరికాలో మనబడి అనే తెలుగు బడిలో వారానికి రెండు గంటలు నేర్చుకున్న తెలుగుతో పాప రోజూ జిల్లా పేజీ కూడబలుక్కుని చదివి వినిపించేది. మొదట్లో ఒక వార్తకి పావుగంట పట్టేది. సంక్రాంతి నాటికి పేజీ మొత్తం చదివేసింది, కొబ్బరికాయ ధర ఎంతో వీధిలో అందరికీ తనే చెప్పేది.

కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థం, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దేవుళ్ళ ప్రభలని మోసుకొచ్చే జాతర. ఆ రోజు టెక్సస్‌లో పిల్లలకి బడి ఉంది. మావాళ్ళు ఆ వారం పని ముందు వారమే చేసేశారు, లైవ్ క్లాసు రికార్డింగ్ తర్వాత చూసుకున్నారు. గంగలకుర్రు ప్రభని కౌశిక కాలువలోంచి భుజాల మీద దాటిస్తుంటే గట్టు మీద నిలబడి ఇద్దరూ కేకలు పెట్టారు. మామూలు బడిలో ఉంటే ఈ ప్రయాణానికి నేను సాహసించేదాన్నే కాదు. గైర్హాజరు ఉత్తరాలు, టీచర్లకి క్షమాపణలు, ఇవన్నీ తలుచుకుని మానేసేదాన్ని. పదిహేనేళ్ళలో అలా ఎన్ని సంక్రాంతులు మానేశామో.

ఫిబ్రవరిలో తిరిగొచ్చాం. రిజిస్ట్రార్ చెప్పిన కాగితాలన్నీ ఉన్నాయి గనక వారంలో పాత స్కూల్లో చేరిపోయారు. పాప అడ్వాన్స్‌డ్ మ్యాథ్ కోసం ఒక ప్లేస్‌మెంట్ టెస్టు రాసింది, పాసయింది. ఆర్కెస్ట్రాలో వెనక వరసకి పంపారు, మళ్ళీ ముందుకి వస్తానంటోంది. ఇంకోసారి ఆన్‌లైన్ స్కూలంటే రానని చెప్పేసింది, నేను బలవంతపెట్టను. చిన్నోడేమో మళ్ళీ ఎప్పుడు వెళదామని అడుగుతున్నాడు.

అన్నాలయ్యాక ఎనిమిదింటికి వాడే ఫోన్ తీసుకుంటాడు. అక్కడ పొద్దున్నే, అమ్మ నడవలో కాఫీ తాగుతూ ఉంటుంది. వాకర్ గోడకి ఆనించి ఉంటుంది, ఇప్పుడు చేతికర్ర చాలు. ఫోన్ మొహానికి మరీ దగ్గరగా పెట్టుకుని అడుగుతుంది, "చెప్పు నాన్నా, ఇవాళ ఏం పాఠం?"