సీమ అంటే సుమోలేనా?

హైదరాబాద్ హాస్టల్లో ఉన్న రోజుల్లో, అంటే 2000ల మొదట్లో, మాది అనంతపురం అని చెప్పగానే అవతలివాళ్ళు అనే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. "అమ్మో, మీ ఊళ్ళో బాంబులేసుకుంటారంట కదా!" ద్వేషంతో కాదు, జూలో పులి బోను ముందు నిలబడ్డ పిల్లలకుండే సరదాతో అడిగేవాళ్ళు. మీ నాన్నకి ఎన్ని సుమోలున్నాయని ఇంకొకరు. మా నాయనకున్నది ఒక పాత లూనా, దాని వెనకాల ఎప్పుడూ ఏదో ఒక గోతం కట్టి ఉండేది. మనం ఎవరమో మనం నోరు విప్పేలోపే అవతలివాళ్ళకి తెలిసిపోయి ఉంటుంది చూడండి, అదీ నాకు చిరాకు.

1999 సంక్రాంతికి వచ్చిన ఒక సినిమా సూపర్ హిట్టయ్యాక కొన్నేళ్ళపాటు వరసపెట్టి ఫ్యాక్షన్ కథలే వచ్చాయి. తెల్లచొక్కాలు, గాల్లోకి లేచే సుమోలు, తొడగొట్టుడు, మధ్యలో ఫారిన్లో పాటలు. ఆ కథల్లో సీమ ఆడవాళ్ళకి ఉండేది రెండే పనులు, గడపలో నిలబడి హారతివ్వడం, ఆ తర్వాత ఏడవడం.

ఫ్యాక్షన్ అబద్ధమని నేననను. కొన్ని ఊళ్ళలో తరాల తరబడి చంపుకున్నారు, జైళ్ళకు పోయారు, భూములు బీడు పెట్టి ఊళ్ళొదిలి వెళ్ళిపోయారు. అందులో ఎక్కువగా చచ్చిందీ, కేసుల్లో ఇరుక్కుందీ నాయకులు కాదు, వాళ్ళ వెనకాల తిరిగిన బీదింటి మగపిల్లలు. సినిమాల్లో వాళ్ళకి పేరు కూడా ఉండదు, సుమో పేలినప్పుడు గాల్లోకి ఎగిరేది వాళ్ళే. కానీ అప్పటి నాలుగు జిల్లాల సీమకంతా అదే బతుకన్నట్టు తీస్తే, కృష్ణా జిల్లావాళ్ళో కరీంనగర్ వాళ్ళో నమ్మడంలో తప్పేముంది? వాళ్ళు మా ఊరు చూసింది ఆ తెర మీదే కదా.

అదే సినిమా టీవీలో వస్తే మా ఇంట్లో ఎట్లా చూసేవాళ్ళో చెప్తాను. వానలకు ముందు విత్తనానికి చెనిక్కాయలు, అంటే వేరుశనక్కాయలు, ఒలిచే పని ఉంటుంది. మిషన్‌కి వేస్తే పప్పు బద్దలవుతుందని మా ఇంట్లో చేత్తోనే ఒలిచేవాళ్ళు. నడింట్లో కాయలు కుప్పబోసుకుని అమ్మ, సిన్నమ్మ, జేజి (నాయనమ్మ), పక్కింటోళ్ళు చుట్టూ కూచుని, బొటనవేళ్ళకి పాత గుడ్డపేలికలు చుట్టుకుని గంటల తరబడి ఒలుస్తుంటే, ఎదురుగా టీవీలో యాభైమంది కత్తులు పట్టుకుని పరిగెత్తుతా ఉండేవాళ్ళు. మా జేజి ఒకసారి తలెత్తి చూసి, "ఎవురమ్మీ ఈళ్ళంతా, ఇంతమందికీ సేన్లో పనేం ల్యాదా?" అనింది. ఫ్యాక్షన్ సినిమాల మీద ఇంతకన్నా మంచి రివ్యూ నేనింతవరకూ చదవలేదు.

ఇంట్లో మాకు నేర్పిన భయం బాంబులది కాదు, వానది. మా జిల్లాలో ఏడాది మొత్తానికి పడేది 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ, అదీ పడాల్సినప్పుడు పడితే. చెనిక్కాయకి ఊడలు దిగే టైముకి మోడం (మబ్బు) మొహం చాటేస్తే ఆ ఏడు అంతే, అప్పు తిరగేసి రాసుకోవడమే. ఇంటికి చుట్టాలొస్తే కూడా ముందు వాన గురించి మాట్లాడాకే పెళ్ళిళ్ళు పేరంటాల గురించి మాట్లాడతారు. బెంగళూరు పోయి అపార్ట్‌మెంట్లలో ఉంటున్న మావాళ్ళు ఇప్పటికీ ఊరికి ఫోన్ చేస్తే మొదట అడిగేది "పదునైందా?" అనే, అంటే విత్తేంతగా నేల తడిసిందా అని. వాళ్ళకి సెంటు భూమి లేకపోయినా సరే, అది అలవాటైపోయింది.

ఇంకోటి పీర్ల పండగ. మా జిల్లా నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామి అనే పీరు ఉన్నాడు. మొహర్రానికి అక్కడికొచ్చే జనంలో హిందువులు లెక్కలేనంతమంది, చక్కెర చదివింపులు చేయిస్తారు, గుండం చుట్టూ తిరుగుతారు, మొక్కుకున్నాక పుట్టిన పిల్లలకి కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. దస్తగిరి, ఫక్కీరప్ప కూడా మా పక్క హిందువుల ఇళ్ళల్లో మామూలు పేర్లే. అటు కడపకి పోతే, ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వస్తారు, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు అని, స్వామి తమకు అల్లుడని. చిన్నప్పుడు ఇందులో విశేషమేదో ఉందని మాకెవరూ చెప్పలేదు, మతసామరస్యం లాంటి పెద్ద పెద్ద మాటలూ వినలేదు. పండగ, అంతే.

అది విశేషమని హైదరాబాద్ వచ్చాకే తెలిసింది. మా చిన్నాయన పేరులో దస్తగిరి ఉంది. ఇల్లు వెతుక్కుంటూ ఒక ఓనర్‌కి ఫోన్ చేసి పేరు చెప్పగానే, పొద్దున ఖాళీగా ఉన్న ఇల్లు కాస్తా అయిపోయింది. తర్వాతి ఓనర్ నయం, "మీరు హిందువులేనా అండీ?" అని నేరుగానే అడిగాడు. ఔనండీ అని చెప్పి, మా జేజి మొక్కు కథంతా చెప్పి, ఇల్లు తీసుకున్నాడు. ఇంటికొచ్చి భోంచేస్తూ "నేను నిజంగా సాయిబునే అయ్యుంటే ఏం జేసేటోణ్ణి?" అన్నాడు, అంతే, ఆ తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు.

కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది బయటివాళ్ళు కాదు, మావాళ్ళే. ఆ సినిమాలు చూసి మా మగపిల్లలు మెల్లగా ఆ వేషమే కట్టుకున్నారు. ఇంజనీరింగ్ కాలేజీలో "సీమ బ్యాచ్" అంటే సీనియర్లు కూడా కొంచెం ఒదిగేవాళ్ళు కాబట్టి, జీవితంలో నాటుబాంబు కంటితో చూడనివాడు కూడా ఆ భయాన్ని బాగానే వాడుకున్నాడు. ఇప్పుడు ఇన్‌స్టా రీల్స్ చూడండి, తెల్లచొక్కా, మీసం మీద చెయ్యి, స్లో మోషన్లో నడక, వెనకాల సినిమా డైలాగు. మా అత్త కొడుకొకడు బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం చేస్తాడు, బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కుతాడు, వాడి బయోలో "రాయల్ సీమ బ్లడ్" అని ఉంటుంది. వాడిని కర్నూలు కొండారెడ్డి బురుజు గురించి అడిగితే ఏ హీరో అక్కడ ఎవర్ని కొట్టాడో టక్కున చెప్తాడు. ఆ కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అనీ, ఆఫీసులు గుడారాల్లో నడిచాయనీ, దానికి వెనకాల కోస్తా, సీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందం ఉందనీ వాడికి తెలీదు. స్కూల్లో చెప్పుంటారు, పరీక్షకి రాసి మర్చిపోయుంటాడు. సినిమా మర్చిపోనివ్వదు కదా.

యాస సంగతీ ఇంతే. హిందూపురం, మడకశిర వైపు తెలుగులో కన్నడం కలుస్తుంది, చిత్తూరులో తమిళం కలుస్తుంది, కడప తీరు వేరు, కర్నూలు తీరు వేరు. సినిమావాళ్ళు ఇవన్నీ కలిపి గొంతు బొంగురు చేసి "సీమ యాస" అని ఒకటి తయారుచేశారు. రీల్స్ పిల్లలు మాట్లాడేది ఆ యాసే, వాళ్ళ ఇంట్లో అమ్మ మాట్లాడేది కాదు.

మొన్న మా తమ్ముడికి కొడుకు పుట్టాడు. పిల్లాడి కోసం మా అమ్మ గూగూడులో మొక్కుకుంది కాబట్టి కుళ్ళాయప్ప అని పెట్టాల్సిందే అని పట్టు. మరదలు హైదరాబాద్ పిల్ల, పేరు పెట్టడానికి అభ్యంతరం లేదు గానీ స్కూల్లో ఏడిపిస్తారు అత్తయ్యా అని ఆమె టెన్షన్. ఆమె భయమూ ఉత్తిదేం కాదు, చిన్నాయన అద్దె ఇంటి సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆమెతో వాదించలేదు. చివరికి బర్త్ సర్టిఫికెట్లో "కె. అద్వైత్" అని రాయించారు. ఆ 'కె' ఇంటిపేరని స్కూలు వాళ్ళు అనుకుంటారు, మా ఇంటిపేరు 'కె'తో మొదలవ్వదు.