ఔననీ అనరు, కాదనీ అనరు: మొండి ఇన్వెస్టర్లతో బేరం

"వద్దు" అని తేల్చేసే ఇన్వెస్టర్ వల్ల, స్టార్టప్‌కు పెట్టుబడి వెతుకుతున్న మీకు నష్టం లేదు. ఏదీ తేల్చకుండా వారానికో కొత్త ఎక్సెల్ షీట్ అడిగేవారితోనే చిక్కంతా. ఖాతాలో డబ్బు తరిగేకొద్దీ బేరం వాళ్ల చేతిలోకి పోతుంది. రెండో మీటింగ్‌లోనే అడిగేయండి: నిర్ణయం ఎవరిది, ఇంకేం చూస్తే తేలుతుంది, ఎప్పటిలోగా? సూటిగా జవాబు రాకపోతే ఆ పేరును జాబితా అడుగుకు దింపి, నెలకో అప్‌డేట్ మెయిల్‌తో సరిపెట్టండి. "లీడ్ (ముందుకొచ్చి షరతులు ఖరారు చేసే ప్రధాన ఇన్వెస్టర్) దొరికితే మేమూ వస్తాం" అన్నది హామీ కాదు. ఎంత పెడతారో, ఏ షరతులతోనో మెయిల్‌లో రాయమనండి. రాయనంటే ఆ మొత్తాన్ని లెక్కలో వేసుకోవద్దు.

టర్మ్ షీట్ (పెట్టుబడి ముఖ్య షరతులు రాసిన పత్రం) రాకముందు ఇన్వెస్టర్‌కు డెక్ (కంపెనీని పరిచయం చేసే స్లైడ్లు), ఆర్థిక అంచనాలు, క్యాప్ టేబుల్ (ఎవరికెంత వాటా ఉందో చూపే పట్టిక) చాలు. కస్టమర్ల ఫోన్ నంబర్లు, కోడ్ ఆ తర్వాతే. ప్రతి ఇన్వెస్టరూ ఫోన్ చేస్తుంటే మంచి కస్టమర్ కూడా విసిగిపోతాడు.

అసలు ప్రమాదం సంతకం తర్వాత మొదలవుతుంది. టర్మ్ షీట్‌లో ధరకు సాధారణంగా చట్టపరమైన కట్టుబాటు ఉండదు; గోప్యతకూ, నో-షాప్ నిబంధనకూ ఉంటుంది. అంటే మీరు ఇంకొకరితో మాట్లాడకూడదు, వాళ్లు మాత్రం ధర తగ్గించమనొచ్చు. మిగతావాళ్లంతా చల్లబడ్డాక, డ్యూ డిలిజెన్స్‌లో (కంపెనీ లెక్కలు, పత్రాల తనిఖీలో) ఏదో చిన్న లోపం చూపించి అడుగుతారు. అందుకే నో-షాప్‌కు 60 రోజులు అడిగితే 30 దగ్గర ఆపండి. "ఇన్వెస్టర్ ధరను గానీ ముఖ్య షరతులను గానీ మార్చమంటే నో-షాప్ వెంటనే రద్దవుతుంది" అన్న ఒక్క వాక్యం చేర్పించండి. దీనికి ఒప్పుకోనివారి ఉద్దేశాన్ని అనుమానించాల్సిందే.

వాల్యుయేషన్ అంకె చూసి మురిసిపోవద్దు. ప్రీ-మనీ (పెట్టుబడికి ముందు కంపెనీ విలువ) 8 కోట్లు, పెట్టుబడి 2 కోట్లు అనుకుందాం. పోస్ట్-మనీలో (పెట్టుబడి కలిపిన 10 కోట్ల విలువలో) 15% కొత్త ఆప్షన్ పూల్‌ను (ఉద్యోగుల కోసం పక్కన పెట్టే షేర్లను) ప్రీ-మనీలోంచే తీయమంటే, ఆ కోటిన్నర పాత వాటాదారుల భాగంలోంచే పోతుంది. మీ కంపెనీకి కట్టిన అసలు ధర ఆరున్నర కోట్లే. వచ్చే ఏడాదిన్నరలో ఎవరెవరిని ఉద్యోగంలోకి తీసుకోబోతున్నారో పట్టిక వేసి చూపించండి. చాలాసార్లు 8 నుంచి 10 శాతం సరిపోతుందని తేలుతుంది. వాదన కన్నా ఆ పట్టికే బాగా పనిచేస్తుంది.

లిక్విడేషన్ ప్రిఫరెన్స్ (కంపెనీ అమ్ముడైతే ఇన్వెస్టర్ అందరికన్నా ముందు డబ్బు తీసుకునే హక్కు) దగ్గర మాత్రం మెత్తబడకండి. అదే 20% వాటాతో, అప్పులేమీ లేకుండా కంపెనీ 5 కోట్లకు అమ్ముడైతే, 1ఎక్స్ నాన్-పార్టిసిపేటింగ్ (పెట్టిన డబ్బు లేదా తన వాటా, ఏది ఎక్కువైతే అదొక్కటే) కింద ఇన్వెస్టర్‌కు 2 కోట్లు వెళ్తాయి. పార్టిసిపేటింగ్ అయితే ఆ 2 కోట్లతో పాటు మిగిలిన 3 కోట్లలో 20% కూడా, అంటే మొత్తం 2.6 కోట్లు. ఫుల్ రాచెట్ (తర్వాత తక్కువ ధరకు షేర్లు ఇస్తే ఇన్వెస్టర్ పాత ధరను పూర్తిగా ఆ ధరకే దించే షరతు) అడిగితే బ్రాడ్-బేస్డ్ వెయిటెడ్ యావరేజ్‌కు (కొత్త షేర్లు ఎన్నో చూసి కొంతమేరకే దించే పద్ధతికి) మార్చమనండి.

సంతకానికి ముందు ఆ ఇన్వెస్టర్ డబ్బు పెట్టిన వ్యవస్థాపకులకు ఫోన్ చేయండి. ఇన్వెస్టర్ ఇచ్చిన పేర్లకే కాదు, మూతపడ్డ కంపెనీల వాళ్లకు కూడా. జీతాలకు డబ్బు లేని నెలలో ఆ ఇన్వెస్టర్ ఎలా ప్రవర్తించాడని అడగండి.