టెన్త్ పిల్లల్ని ఒక్కసారి వర్క్‌షాప్‌కి తీస్కపోర్రి

మా వరంగల్ల టెన్త్ అయిపోయిందంటే చాలు, ఎంపీసీయా బైపీసీయా అని అడుగుడే, ఐటీఐ అంటే మాత్రం చదువు రానోడు పోయేది అన్నట్టు మొఖం పెడతరు, నాకైతే మస్తు కోపమొస్తది. మొన్న మా మేనల్లున్ని, వాని దోస్తులని తెలిసినాయన లేత్ (ఇనుమును తిప్పుకుంట చెక్కే మిషన్) వర్క్‌షాప్‌కి తీస్కపోయిన. రాడ్ గిర్రున తిరుగుతుంటే టూల్ కొస నుంచి ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంది, పోరగాళ్లు ఫోన్లు మర్చిపోయిండ్రు! ఆయన మైక్రోమీటర్, అంటే స్క్రూగేజి, చేతికిచ్చి మీ వెంట్రుక ఒకటి కొలువుర్రి అన్నడు, మిల్లీమీటర్ల వందో వంతు దాకా తెలుస్తదా అని ఒకటే ఆశ్చర్యం, స్కూల్ల స్క్రూగేజి లెక్కలు చేసిండ్రు గానీ చేత్తో పట్టింది లేదు మరి.

ఐటీఐల ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ రెండేండ్ల ట్రేడ్‌లు (పని నేర్పే కోర్సులు), అటెన్క అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ వస్తది, ఇంకా చదువుతా అంటే లాటరల్ ఎంట్రీల, అంటే సీదా రెండో ఏడుల చేరేటట్టు, పాలిటెక్నిక్ ఉండనే ఉంది. 1934ల మా వరంగల్ల పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లు మీద ఎన్ని ఇండ్లు బతికినయో పెద్దోళ్లనడగుర్రి. ఇప్పుడు గీసుగొండ దిక్కు టెక్స్‌టైల్ పార్క్ ఉంది, కాజీపేటల రైల్వే తయారీ యూనిట్‌కి 2023ల శంకుస్థాపన చేసిండ్రు.

తీస్కపోయేటప్పుడు షూస్ ఏపిచ్చుర్రి, చున్నీలు, వదులు చొక్కాలు అస్సలొద్దు, తిరిగే మిషన్‌ల చిక్కుకుంటే అంతే సంగతి.