పారాగ్లైడింగ్ కొండకి ఎలాంటి గాలి స్టేషన్ కావాలి

గాలి సగటు గంటకు 18 కిలోమీటర్లు. ఒడిశాలో కొరాపుట్‌లోనో పర్లాకిమిడిలోనో కూర్చుని ఫోన్‌లో ఈ ఒక్క అంకె చూసుకుని కొండకి బయల్దేరితే ఏం తెలిసినట్టు? గాలి 15కీ 21కీ మధ్య ఆడినా సగటు 18 వస్తుంది. 6కి పడి 34కి లేచినా వస్తుంది. మొదటిదాంట్లో గ్లైడర్ హాయిగా పైకి లేస్తుంది. రెండోదాంట్లో మనిషిని వెనక్కి ఈడ్చుకుపోతుంది. గాలి తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, 6 దగ్గరున్న తోపు 34 దగ్గర 32 రెట్లవుతుంది.

అందుకే కొండమీద గాలి కొలిచి ఫోన్‌కి పంపే స్టేషన్ కొనేటప్పుడు మొదట అడగాల్సింది సెన్సర్ ధర గురించి కాదు, అది ఏం పంపుతుంది, ఎంతసేపటికోసారి పంపుతుంది అని. వాతావరణ శాఖల పద్ధతిలో గాలి అంటే 10 నిమిషాల సగటు, విసురు అంటే 3 సెకన్ల గరిష్ఠం. టేకాఫ్ దగ్గర, అంటే గ్లైడర్ ఎగిరే చోట, థర్మల్స్ (ఎండకి వేడెక్కి పైకి లేచే గాలులు) కొన్ని నిమిషాలకోసారి వచ్చి పోతుంటాయి, 10 నిమిషాల సగటులో అవి కలిసిపోయి కనబడవు. మనకి కావాల్సింది నిమిషానికోసారి కనిష్ఠం, సగటు, విసురు, దిక్కు, ఈ నాలుగూ గడిచిన గంటకి గీతలుగా. కనిష్ఠం చూపించని స్టేషన్లు చాలా ఉన్నాయి. అలాంటిది తోటకి పనికొస్తుంది, టేకాఫ్‌కి పనికిరాదు.

గాలికి తిరిగే మూడు గిన్నెల సెన్సర్ ఎలా లెక్కేస్తుందో తెలిస్తే విసురు అంకెని ఎంతవరకు నమ్మాలో అర్థమవుతుంది. డేవిస్ కంపెనీ వాళ్ళ సెన్సర్‌లో గిన్నెలు ఒకసారి తిరిగితే ఒక పల్స్. సెకనుకి ఒక పల్స్ అంటే గంటకు 2.25 మైళ్ళు, మన లెక్కలో సుమారు 3.6 కిలోమీటర్లు. ఇఎస్‌పి32 అనే చిన్న కంప్యూటర్ చిప్ పెట్టి సొంతంగా బోర్డు చేసుకునేవాళ్ళు పల్సులు ఒక్కో సెకనుకి లెక్కపెడితే అంకె 3.6 మెట్లలో గెంతుతుంది. ఒకేసారి 3 సెకన్ల పల్సులు లెక్కపెడితే మెట్టు 1.2కి తగ్గుతుంది. పల్స్ ఇచ్చే రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరకొస్తే మూసుకునే స్విచ్) ఒక్కసారి మూసుకునే లోపే నాలుగైదుసార్లు అదురుతుంది. ప్రోగ్రాంలో ఆ అదురుని వడగట్టకపోతే లేని ఈదురుగాలి గ్రాఫులో కనబడుతుంది.

దిక్కు దగ్గర తప్పులు ఇంకా ఎక్కువ. 350 డిగ్రీలకీ 10 డిగ్రీలకీ మామూలు సగటు తీస్తే 180 వస్తుంది, ఉత్తరపు గాలి కాస్తా దక్షిణపు గాలైపోతుంది. సైన్, కొసైన్ భాగాలు విడివిడిగా కూడి సగటు తీయాలి. 8 దిక్కులే చెప్పే చవక రకం వద్దు, మెట్టు 45 డిగ్రీలు. 16 దిక్కులదైతే 22.5 డిగ్రీల మెట్టు, సరిపెట్టుకోవచ్చు. పొటెన్షియోమీటర్ (తిరిగే కొద్దీ నిరోధం మారే భాగం) ఉన్న వేన్, అంటే గాలి దిక్కు చూపే రెక్క, ఇంకా సన్నగా చెబుతుంది, కానీ ఏడాదంతా ఎక్కువగా వీచే దిక్కున దాని ట్రాక్ ముందు అరుగుతుంది, సరిగ్గా మనకి కావాల్సిన దిక్కునే అంకె ఎగిరెగిరి పడుతుంది. బిగించేటప్పుడు ఉత్తరాన్ని ఇనుప స్తంభం పక్కన దిక్సూచి పెట్టి చూడకండి. దూరంగా కనబడే గుడి గోపురమో టవరో ఎంచుకుని, మ్యాపులో దాని కోణం కొలిచి వేన్ దానివైపు తిప్పండి.

ఇక స్తంభం ఎక్కడ పాతాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అన్నిటికన్నా తక్కువ శ్రద్ధ పెట్టేదీ దీనిమీదే. డబ్బు ఖర్చు పెట్టేముందు అయిదారు వెదురు కర్రలు తెచ్చుకోండి, ఒక్కోటి మూడు మీటర్లు, చివర జానెడు రిబ్బను. కొండ అంచు నుంచి వెనక్కి పది అడుగులకొకటి చొప్పున నాటి పొద్దున్నుంచి సాయంత్రందాకా చూడండి. అంచు దగ్గర రిబ్బను తిన్నగా వెనక్కి ఎగురుతూ ఉంటుంది. కొంత వెనక్కి వచ్చేసరికి పైకి లేస్తుంది, వేలాడుతుంది, ఉన్నట్టుండి ముందుకి తిరుగుతుంది. అక్కడ గాలి సుడి తిరుగుతోంది. ఆ చోట పెట్టిన స్టేషన్ ఎంత ఖరీదైనదైనా దిక్కు చెప్పలేదు. చెట్టు గానీ షెడ్డు గానీ ఉంటే దాని ఎత్తుకి పది రెట్లు దూరం కావాలి, ఎనిమిది మీటర్ల చెట్టుకి 80 మీటర్లు. సన్నటి కొండ కొమ్ముమీద అంత చోటు దొరకదు, అప్పుడు కనీసం గాలి వచ్చే వైపు ఏ అడ్డూ లేకుండా చూసుకోండి.

స్తంభం టేకాఫ్ దారిలో గానీ, గ్లైడర్ పక్కకి కొట్టుకుపోయే దారిలో గానీ ఉండకూడదు. స్తంభాన్ని లాగి నిలబెట్టే స్టే తీగలకి ఎర్ర రిబ్బన్లు కట్టి తీరాలి. ఒకటిన్నర అంగుళం జీఐ పైపు ఒక నిండు పొడవు, అంటే 6 మీటర్లు, చాలు. అడుగున కీలు పెట్టండి, ఇద్దరు మనుషులు దించి ఎత్తగలిగేలా. నాలుగు మీటర్ల ఎత్తున మూడు స్టే తీగలు, ఒక్కోటి 120 డిగ్రీల ఎడంగా, తీగ బిగించే టర్న్ బకిల్స్‌తో. కొండ కొమ్ముమీద గాలి ఒత్తుకుని వేగం పెరుగుతుంది కాబట్టి పైనున్న అంకె, తలెత్తున మనిషికి తగిలే గాలి ఒకటి కావు. పదిహేను రోజులు చేతి మీటరుతో పోల్చి రాసుకుని ఆ తేడా స్టేషన్ అంకెలు చూపించే వెబ్ పేజీలోనే చెప్పండి. కొరాపుట్ జిల్లాలోని దేవ్‌మాలి శిఖరం 1,672 మీటర్లు. అంత ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో దానికి సుమారు 85 శాతమే, గ్లైడర్ లేవడానికి దాదాపు 8 శాతం ఎక్కువ వేగం కావాలి.

చాలా కొండలు అటవీ శాఖ కిందివి, కొన్ని ఊరి దేవతలవి. గొయ్యి తవ్వకముందే అనుమతులు తీసుకుని ఊరి పెద్దలతో కూర్చుని మాట్లాడండి. స్టేషన్ కాపాడేది చివరికి ఆ ఊరివాళ్ళే.

గిన్నెలా, శబ్ద తరంగాలతో గాలి కొలిచే అల్ట్రాసోనిక్కా? మా ఓటు గిన్నెలకే. అల్ట్రాసోనిక్‌లో తిరిగే భాగం లేదు, సన్నగాలి కూడా పట్టుకుంటుంది, నిజమే. కానీ సెన్సర్ ముఖాల మీద వాన చినుకు నిలిచినా, సాలీడు గూడు కట్టినా పిచ్చి అంకెలిస్తుంది, కరెంటు కూడా ఎక్కువ తాగుతుంది. గిన్నెల జబ్బు వేరు: బేరింగులో దుమ్ము చేరి బిగుసుకుంటే గాలి తక్కువ చూపిస్తుంది. ఇది ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే పైలట్‌ని కొండెక్కమని పిలుస్తుంది. పలచటి ప్లాస్టిక్ గిన్నెలు ఎండకి పెళుసెక్కి పగులుతాయి, ఒకటి విరిగితే మిగతా రెండూ తిరుగుతూనే తప్పు చెబుతాయి.

బయటి దేశాల్లో పారాగ్లైడర్లు వాడే హంగరీ హోల్‌ఫూయ్, ఫ్రాన్స్ పియూపియూ లాంటివి చూసి మనసు పడేవాళ్ళు ముందు నెట్‌వర్క్ చూసుకోండి. పియూపియూ సిగ్‌ఫాక్స్ అనే వేరే రేడియో నెట్‌వర్క్ మీద నడిచేలా చేసినది, మన కొండమీద ఆ సిగ్నల్ దొరక్కపోతే పెట్టెకి పనిలేదు. ఫోన్ సిమ్‌తో నడిచేదైతే మోడెం 4జీది కావాలి, 3, 5, 40 బ్యాండ్లు పట్టాలి. యూరప్ కోసం చేసినవాటిలో 5, 40 ఉండకపోవచ్చు. పాత 2జీ మోడెం పెట్టిన బోర్డులో జియో సిమ్ అసలు పనిచెయ్యదు. సరిహద్దు కొండమీద ఇంకో సంగతి: ఒడిశా సిమ్ వేసినా ఆంధ్ర వైపు టవరే బలంగా తగలచ్చు, మోడెం అటూ ఇటూ గెంతుతూ బ్యాటరీ తాగేస్తుంది. రోమింగ్ ఆన్ చేసి, ఒక నెట్‌వర్కుకి బిగించి వదలండి. సిగ్నల్ అసలు లేకపోతే లోరా అనే దూరం వెళ్ళే, కరెంటు తక్కువ తాగే రేడియోతో కొండకింద బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంటికి పంపించవచ్చు, ఎదురెదురు చూపు ఉంటే చాలు. ఫ్రీక్వెన్సీ 865–867 మెగాహెర్ట్జ్ మధ్య పెట్టుకోండి.

కరెంటు లెక్క వానాకాలానికి కట్టాలి. 12 వోల్టుల దగ్గర సగటున 30 మిల్లీయాంపులు లాగితే రోజుకి 0.72 యాంప్-అవర్లు, పది మబ్బు రోజులకి 7.2. కాబట్టి 12 యాంప్-అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ. ముసురు రోజున 20 వాట్ల ప్యానెల్‌కి అరగంట నిండు ఎండతో సమానమైన వెలుగు దొరికినా 10 వాట్-అవర్లు వస్తాయి, రోజు ఖర్చు దాటుతుంది. దాన్ని దక్షిణానికి 30 డిగ్రీలు వాల్చండి, దుమ్ము వానకి కడుక్కుపోతుంది.

చైత్ర వైశాఖాల్లో కాలబైశాఖి ఉరుములొస్తే కొండమీద ఎత్తయినది మన స్తంభమే. పిడుగు కడ్డీ సెన్సర్ కన్నా మీటరు పైకి, అరమీటరు పక్కకి ఉండాలి. రాయిలో ఎర్త్ కడ్డీ దిగదు, కాలవ తవ్వి జీఐ పట్టీ పరిచి బెంటొనైట్ మట్టి పొయ్యండి. స్తంభం, పెట్టె, కడ్డీ అన్నీ ఒకే ఎర్త్‌కి కలపాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140–150 కిలోమీటర్లు, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా అంతా దెబ్బతింది. అడుగున కీలు ఎందుకు పెట్టమన్నామో ఇప్పుడు అర్థమై ఉంటుంది, తుపాను కబురు రాగానే దించెయ్యాలి.

డబ్బుంటే రెండో స్టేషన్ దిగే పొలం దగ్గర పెట్టండి. ఒకే కొండకి పైనా కిందా ఉష్ణోగ్రతలు తెలిస్తే థర్మల్స్ బలం తెలుస్తుంది: ఎత్తు తేడా 500 మీటర్లయి, ఉష్ణోగ్రత తేడా 5 డిగ్రీల దగ్గరికొస్తే గాలి ఉడుకుతోందన్నమాట. రెండు చోట్లా ఉష్ణోగ్రత సెన్సర్‌కి ఎండ తగలని పళ్ళాల గూడు తప్పనిసరి. ఆ గూటిలో కందిరీగలు ఇల్లు కట్టుకుంటాయి, సన్నటి స్టీలు జాలీ చుట్టండి.

పేజీలో ప్రతి అంకె పక్కనా అది కొలిచిన సమయం ఉండాలి. 15 నిమిషాలు దాటితే అంకె చెరిగిపోయి "సమాచారం లేదు" అని రావాలి. పొద్దున 8 గంటలకి ఆగిపోయిన స్టేషన్ మధ్యాహ్నం 2కి కూడా "12 కిలోమీటర్లు" అని చూపిస్తుంటే అది లేకపోవడమే నయం. నెలకోసారి స్తంభం దించి గిన్నెలు వేలితో తిప్పండి, గరగరమంటే బేరింగు మార్చెయ్యండి, నూనె మాత్రం పొయ్యకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది.