ఎల్లో పాసివేషన్ మానేసిన మా ప్లేటింగ్ షెడ్డు

విజయవాడ ఆటోనగర్‌లో మాది ఇనుప సామానుకు జింక్ పూత ఎక్కించే ప్లేటింగ్ షెడ్డు. లారీ బాడీల బోల్టులు, నట్లు, క్లాంపులు. ఎక్కువగా బ్యారెల్ పనే, అంటే చిన్న సామాను తిరిగే పీపాలో పోసి పూత ఎక్కించడం. జింక్ ఎక్కాక తుప్పు ఆపడానికి ఆఖర్న ముంచే పసుపు మందు, అదే ఎల్లో పాసివేషన్‌లో ఉండేది హెక్సావలెంట్ క్రోమియం, క్యాన్సర్ తెస్తుందని తేలిన సరుకు. యూరప్ 2007 జులై నుంచి కార్ల పూతల్లో దాన్ని ఆపించింది. ఎగుమతి బండ్లకు సామాను ఇచ్చే పార్టీ ఒకరు ట్రైవలెంట్ (అంత హాని లేని రకం క్రోమియం) అయితేనే ఆర్డరన్నారు. కాబట్టి మారాం. పర్యావరణం మీద ప్రేమతోనే అంటే మా కుర్రాళ్లే నవ్వుతారు.

పాత తొట్టి కడిగి వాడదామంటే ఫోర్‌మాన్ ఒప్పుకోలేదు. "వద్దు సార్, పాత పసుపు రవ్వంత మిగిలినా టెస్టులో దొరికిపోతాం." కొత్త ప్లాస్టిక్ తొట్టి చేయించాం.

పాత మందులో కొన్ని సెకన్లు ముంచితే చాలు, బంగారు రంగు పట్టేసేది. ఈ ట్రైవలెంట్ మందు మాత్రం కొత్త అల్లుడే! పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత) 2 దగ్గర నిలపాలి, 60 డిగ్రీల వేడి పెట్టాలి, నిమిషం దాకా ముంచాలి. బెజవాడ ఎండకు హీటరెందుకని ఒకడి జోకు. బ్యారెల్ నుంచి జారిన బోల్టులు అడుగున ఉండిపోతే ఇనుము కరిగి మందులో చేరుతుంది, తుప్పును ఆపే శక్తి తగ్గుతుంది. అందుకే అయస్కాంతంతో అడుగంతా దేవడం ఇప్పుడు రోజూ పని. పాత పూత గీత పడినా తనంతట తాను కొంత మానేది. దీనికి ఆ గుణం లేదు, పైన సీలర్ అనే ఇంకో రక్షణ పొర వేయాల్సిందే.

లోకల్ మెకానిక్కులతో ఇంకో తంటా. "ఇదేంటండీ, తెల్లగా ఉంది, అసలు పూత వేశారా?" అడిగినవాళ్లకు పసుపు డై కలిపి ఇస్తున్నాం. అది కంటికే, తుప్పుకు కాదు.

లాభం కనిపించింది మురుగునీటి దగ్గర. నీళ్లలో హెక్సావలెంట్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. దానికోసం ముందు యాసిడ్, మెటాబైసల్ఫైట్ పోసి దాన్ని ట్రైవలెంట్‌గా మార్చేవాళ్లం, తర్వాత క్రోమియం అడుగుకు దిగడానికి సున్నం. ఇప్పుడు నేరుగా సున్నమే. ఆ నీళ్లలో బ్లీచింగ్ మాత్రం పడనివ్వం, పడితే మళ్లీ హెక్సావలెంట్ తయారవుతుంది. అడుగున దిగిన బురద ఇప్పటికీ ప్రమాదకర వ్యర్థమే, దాని లెక్క వేరే రాయాలి.

మందు ఖరీదెక్కువ, కరెంటు బిల్లూ పెరిగింది. పైగా ఇందులో కోబాల్ట్ ఉప్పుంది, అదీ యూరప్ పెట్టిన అతి ఆందోళనకర పదార్థాల జాబితాలో చేరినదే. కోబాల్ట్ లేని రకం శాంపిల్ తెప్పించి ఒక మూల చిన్న తొట్టిలో పెట్టి చూస్తున్నాం.